ఏడో కొట్టు మీద ఎండ

పొన్నుకొల్లులో ఒక్క రైతుబజారు ఉండవలసిన చోట నాలుగు ఎందుకున్నాయని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. కొందరు అది ఎస్టేట్ ఆఫీసరు గారి నిర్వాకమంటున్నారు. కొందరు పై ఆఫీసు వాళ్ళని తిడుతున్నారు. ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. ఆ ఘనత నాది. ఇంతకాలం ముందుకొచ్చి చెప్పకపోవడానికి కారణం వినయం కాదు, నాది కాంట్రాక్టు ఉద్యోగం.

నా పేరు ఫణిభూషణ్. బజారు ఆఫీసులో ప్రోగ్రామర్ని. నా బల్ల జిరాక్సు మిషనుకీ మంచినీళ్ళ డబ్బాకీ మధ్య ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్ళంతా నన్ను ఆ రెంటిలో ఏదో ఒకదాని తాలూకు మనిషిననుకుంటారు. ఆ అవమానం భరించలేక మూడు రోజుల ఆన్‌లైన్ శిక్షణ ఒకటి తీసుకున్నాను. దాని పేరు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. మూడో రోజు సాయంత్రానికి నాతో మాట్లాడటం కష్టమైపోయింది.

ఆ మతం సారాంశం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఉన్నదాన్ని మార్చకూడదు. మార్పు కావాలంటే, ఆ మార్పుతో సహా కొత్తది తయారు చేసుకోవాలి. పాతది ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి. ఎందుకంటే దాన్ని నమ్ముకుని ఇంకెవరో ఎక్కడో ఉండవచ్చు, మనం చెయ్యి పెట్టి కెలికితే వాళ్ళ పని చెడుతుంది. కంప్యూటరు లోపల ఇది చాలా మంచి పద్ధతి. "కంప్యూటరు లోపల" అని నొక్కి చెప్పవలసిన అవసరం వస్తుందని ఆ శిక్షణలో ఎవరూ హెచ్చరించలేదు.

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి ఇల్లూ వాకిలీ ఏమీ కనపడవు. ఒకరోజు మా ఆవిడ హైమ చారు రుచి చూడమంది. ఉప్పు తక్కువైందన్నాను. "అయితే కాస్త వేసి కలపండి" అంది. ఉన్న చారులో ఉప్పు వేయడం తప్పనీ, ఉప్పు వేసిన వేరే చారు కాచుకుని ఈ చారుని ఇలాగే ఉంచాలనీ ఓపిగ్గా వివరించాను. ఆమె గరిటె నా చేతిలో పెట్టి, వేరే చారుతోపాటు వేరే వంటమనిషిని కూడా తయారు చేసుకోమని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకున్నాను.

ఆ ఊపులోనే ఒక లైబ్రరీ రాశాను. ప్రోగ్రామర్ల వాడుకలో లైబ్రరీ అంటే పదిమందికీ పనికొచ్చే పనిముట్ల పెట్టె. నా పెట్టెలోవన్నీ ఒకే వస్తువుకి సంబంధించినవి: సాగే వరుస. వరుస అంటే పక్కపక్కనే గళ్ళు, ప్రతి గడికీ ఒక నంబరు. గళ్ళన్నీ నిండాక ఇంకొకటి వచ్చిందనుకోండి, నా లైబ్రరీ రెట్టింపు గళ్ళతో కొత్త వరుస గీసి, పాతవాటిని అదే క్రమంలో అందులోకి ఎక్కించి, చివర కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. చేర్చడానికో పనిముట్టు, వడకట్టడానికో పనిముట్టు, తిరగేయడానికో పనిముట్టు, మొత్తం నలభై మూడు. వరుసని తగ్గించే పనిముట్టు మాత్రం తర్వాత రాద్దామని వదిలేశాను. ప్రపంచం మొత్తమ్మీద ఈ లైబ్రరీని నెట్ నుంచి దించుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకణ్ణి నేను, మా ఇంటి నుంచి. రెండోవాణ్ణీ నేనే, ఆఫీసు నుంచి.

అప్పట్లో బజారులో పదహారు కొట్లు. రెండు రేకుల షెడ్లు ఎదురెదురుగా, ఒక్కోదానిలో ఎనిమిది. ఏ కొట్టు ఎవరిదో ఒక లావుపాటి రిజిస్టరులో రాసుండేది. దాన్ని కంప్యూటరుకి ఎక్కించమన్నారు. పదహారు పేర్లకి కాగితమ్ముక్క చాలు. నేను నా సాగే వరుసని రంగంలోకి దించాను.

ఎస్టేట్ ఆఫీసరు అనంతరామయ్య గారికి చూపించడానికి వెళ్ళినప్పుడు ఆయన ఏదో సంతకాలు పెడుతూ తలెత్తకుండా వింటున్నారు. ఏ పేరు మార్చినా పాత జాబితా చెక్కుచెదరదనీ, మార్పుతో కొత్త జాబితా పుడుతుందనీ చెప్పాను. ఆయన కలం ఆగింది.

"అంటే దిద్దుబాటు ఉండదా?"

"ఉండదండీ."

"కొట్టివేత?"

"ఉండదండీ."

"వైట్‌నరు?" ఆ మాట అనేముందు ఆయన తలుపు వైపు ఒకసారి చూశారు.

ఆయన బాధ నాకు తర్వాత తెలిసింది. పందొమ్మిదేళ్ళ కిందట ఎక్కడో ఒక రిజిస్టరులో ఒకే ఒక్క అంకె మీద ఆయన వైట్‌నరు పూశారు. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. ఆ అభ్యంతరానికి సంజాయిషీ, సంజాయిషీ మీద అభ్యంతరం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆయన తోటివాళ్ళంతా ప్రమోషన్లు తీసుకుని, రిటైరై, కొందరు పోయారు కూడా. ఆయన మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోయారు. దిద్దడం అనేదే లేని లోకం ఒకటుందని వినేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఫణి గారూ, మీరిన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

"జిరాక్సు మిషను పక్కనండీ."

అబద్ధమెందుకు, ఆ క్షణాన నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ రెండంగుళాలే కొంప ముంచాయి.

సరిగ్గా వారానికి నాంచారమ్మ వచ్చింది. ఏడో నంబరు కొట్టు ఆవిడది. ఆకుకూరలు అమ్ముతుంది. ఊరి చివర అరెకరం కౌలుకి తీసుకుని తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర వేస్తుంది. కోడి కూసేవేళకి కోసి, తడిగోనె కప్పి బజారుకి తెస్తుంది. మాఘమాసం అయిపోవస్తోంది. అప్పుడే ఎండ ముదురుతోంది.

"బాబూ, నాది తూర్పుమొకం కొట్టు. ఎనిమిది కొట్టేతలికి ఎండ నా మొకానే ఉంటది. కూరంతా తలకాయ ఏలాడేస్తా ఉంది. ఎదురుగా పన్నెండో నంబరోళ్ళు కొట్టొదిలేసి పోయారంట గదా. అది పడమటిమొకం, నీడపట్టునుంటది. నన్ను అందులోకి మార్చండి బాబూ" అంది.

ఇంతే. ఇటు నుంచి అటు. గంప ఎత్తుకుని పది అడుగులు వేస్తే అయిపోయే పని. నేను చాలా హుందాగా ఆవిడ చేత అర్జీ రాయించి, వేలిముద్ర వేయించి, మీట నొక్కాను. రెండో జాబితా పుట్టింది. అందులో నాంచారమ్మ పన్నెండో నంబరులో ఉంది, ఆవిడ వదిలిన ఏడుకి కొట్టు కోసం కాచుకుని ఉన్న టమాటాల అతనొకడు ఎక్కాడు. మొదటి జాబితాలో ఏడులోనే ఉంది. "చూశావా, పాతది ఎలా ఉందో అలాగే ఉంది" అని ఆవిడకి గర్వంగా చూపించాను.

"నా కూరగూడా అట్టా ఉంటే బాగుణ్ణు" అంది నాంచారమ్మ.

కాగితాలు అనంతరామయ్య గారి బల్ల మీదకి వెళ్ళాయి. ఆయన రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఫణి గారూ, కంప్యూటరులో ఇప్పుడు బజార్లు ఎన్నున్నాయి?"

"రెండండీ. పాతదొకటి, కొత్తదొకటి."

"నేల మీద?"

"ఒకటేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పుస్తకస్థితికీ క్షేత్రస్థితికీ భేదం ఉండరాదు. ఇది ఆడిట్‌లో మొట్టమొదటి సూత్రం. గోడౌనులో నూరు బస్తాలని రాసుంటే నూరు బస్తాలూ ఉండాలి. పుస్తకంలో రెండు బజార్లుండి నేల మీద ఒకటే ఉంటే, రెండో బజారు ఏమైందని నన్నడగరూ?"

అప్పుడు నేను నోరు తెరిచి, అయ్యా, అది కంప్యూటరు లోపలి సంగతి, నేలకి దీంతో పనిలేదు అని ఉండవలసింది. తెరిచాను కూడా. అయితే ఆయన నా లైబ్రరీని అంత శ్రద్ధగా పట్టించుకున్న మొదటి మనిషి. నలభై మూడు పనిముట్ల పేర్లూ అప్పజెప్పగలరు. అలాంటి మనిషిని నొప్పించడానికి మనసొప్పలేదు. "సూత్రప్రకారం మీరన్నది నిజమేనండీ" అన్నాను.

మూడు రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. దాని భాష ఇలా ఉంది: "విషయము: ఏడవ సంఖ్య గల విక్రయశాల స్థానభ్రంశము. ప్రస్తుత బజారును యథాతథముగా పరిరక్షించుచు, అర్జీదారు కోరిన మార్పును పొందుపరచిన ద్వితీయ బజారును తక్షణమే నెలకొల్పవలెను. ప్రథమ బజారులోని ఏ వస్తువునూ కదల్చినచో బాధ్యులపై చర్య గైకొనబడును."

మార్కెట్ యార్డులో ఖాళీ జాగాకి కొదవ లేదు. సున్నంతో గీతలు గీశారు, బొంగులు పాతారు, రేకులు కప్పారు. ఒక సోమవారం పొద్దున్న పదహారు కొట్లవాళ్ళూ తక్కెళ్ళూ తూకపు రాళ్ళూ గంపలూ నెత్తిన పెట్టుకుని నంబరు వారీగా వరుసలో నడిచి కొత్త బజారుకి చేరారు. బంగాళాదుంపల మస్తాన్ ఆ రోజు మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. క్రమం చెడకూడదని అతని కొట్టులోని ఖాళీ గోతాన్ని ఇద్దరు గుమాస్తాలు చెరో చివరా పట్టుకుని తీసుకొచ్చి నాలుగో నంబరులో పరిచారు.

నేను పక్కన నిలబడి చూస్తున్నాను. నేను రాసిన ప్రోగ్రాముకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టనిపించింది. సిగ్గు లేకుండా ఫోటో కూడా తీసుకున్నాను.

తొమ్మిదింటికి నాంచారమ్మ ఆఫీసుకొచ్చింది. కొత్త బజారుకి గేటు అవతలి వైపు పెట్టారట. కాబట్టి నంబర్లు అటు నుంచి మొదలయ్యాయి. కాబట్టి పన్నెండో నంబరు తూర్పుముఖమైంది, ఏడో నంబరు నీడలోకి పోయింది. పాత పన్నెండులో ఉన్న నీడ కొత్త పన్నెండులోకి రాలేదు. నేను గళ్ళూ పేర్లూ నంబర్లూ అన్నీ జాగ్రత్తగా నకలు చేశాను గాని, నీడ ఏ గడిలోనూ నమోదై లేదు.

"మళ్ళీ ఏడుకే పోతా బాబూ, టమాటాలోడు నాతో మారతానన్నాడు" అంది ఆవిడ.

"వెనక్కి వెళ్ళడం కూడా మార్పే" అన్నారు అనంతరామయ్య గారు. ఆయనకి నాకన్నా బాగా ఒంటపట్టింది.

మూడో బజారుకి సున్నం గీతలు పడుతుండగానే ములక్కాయల శౌరి అనే అతను పదిహేడో కొట్టు కావాలని, బజారులో అమ్ముకోవడానికి రైతులకిచ్చే కార్డుతో వచ్చాడు. పదహారు గళ్ళూ నిండిపోయాయి. నా లైబ్రరీ చెయ్యవలసింది చేసింది. ముప్పై రెండు గళ్ళు గీసింది. అప్పటికి సగం కట్టిన మూడో బజారుని అలాగే వదిలేసి, ముప్పై రెండు కొట్లతో నాలుగోది మొదలుపెట్టారు. మూడోదాంట్లో ఒక్క రోజు కూడా ఎవరూ అమ్మలేదు. కానీ అది కూడా పుస్తకంలో ఉంది కనక దానికీ ఒక కాపలాదారుణ్ణి వేశారు.

పాత బజార్లని తీసేయవచ్చు కదా అని మీకనిపించవచ్చు. దానికీ నా లైబ్రరీలో నియమం ఉంది. పాత వరుస వైపు ఇంకెవరూ వేలు చూపించడం లేదని తేలాకే దాన్ని వదిలేయాలి. అనంతరామయ్య గారు విచారణ జరిపించారు. మొదటి బజారు వైపు ఆటోస్టాండు వాళ్ళు ఇంకా చెయ్యి చూపిస్తున్నారు. రెండు పెళ్ళి శుభలేఖల మీద "రైతుబజారు ఎదురుగా" అని అచ్చయి ఉంది. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన రోజూ ఉదయం సంచీ పట్టుకుని ఆ ఖాళీ షెడ్లలో ఒక చుట్టు తిరిగి, పెదవి విరిచి వెళ్తున్నారు. ఇన్ని ఆధారాలుండగా తీసెయ్యడం కుదరదని తేలింది. గేటుకి ఒక బోర్డు కట్టారు: "ఇదియును బజారే. ఇప్పటి బజారు కాదు. చూడవచ్చును, కొనరాదు."

నాలుగో బజారుకి స్థలం ఇరుకైంది. రెండు వరుసలు పట్టక ముప్పై రెండు కొట్లూ ఒకే పొడవాటి వరుసగా కట్టారు, అన్నీ తూర్పుముఖం. ఈసారి నాంచారమ్మకి కోరుకున్న ఏడో నంబరే వచ్చింది. ఎండ కూడా దాంతోపాటే వచ్చింది. అయితే పద్దెనిమిదో నంబరు నుంచి చివరిదాకా పక్కనున్న పత్తి గోడౌను నీడ పడుతుంది. చక్కటి చల్లటి నీడ, మధ్యాహ్నందాకా కదలదు. ఆ పదిహేను కొట్లూ ఖాళీ.

నాంచారమ్మ ఆ నీడవైపు చూస్తూ మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగోనాడు తడిగోనె చేత్తో పట్టుకుని వచ్చింది. అందులో వడిలి చుట్టుకుపోయిన తోటకూర ఉంది.

"అయ్యా, ఆ కాళీ కొట్టాల్లో కూకుంటా. ఒకళ్ళకి అడ్డం గాదు గదా."

"అవి కొట్లు కావమ్మా" అన్నారు అనంతరామయ్య గారు దయగా. "అది సామర్థ్యం."

"ఏందయ్యా అది?"

"రాబోయేవారి కోసం రిజర్వు చేసిన ఖాళీ. ఎవరైనా కూర్చుంటే అది ఖాళీ కాకుండా పోతుంది. పైగా మీరు ఏడులోంచి లేస్తే ఏడు ఖాళీ అవుతుంది. వరుస మధ్యలో ఖాళీ ఉండరాదు. ఫణి గారూ, అంతేనా?"

"అంతేనండీ" అన్నాను. ఆ నియమం రాసింది నేనే. ఎప్పుడో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి, కునుకు ముంచుకొస్తుండగా రాశాను.

ఆవిడ నా వైపు తిరిగింది. కోపంగా చూసినా బాగుండేది. "బాబూ, తొమ్మిదయ్యేతలికి సగం కూర గేదెకే వెయ్యాల్సొస్తంది. వొచ్చేది చైత్రం. ఈ ఎండాకాలం ఇట్టాగే అయితే చేను వొదిలేసి, కార్డిచ్చేసి, పత్తి చేలోకి కూలికి పోతా. నా కాళ్ళేమో ఆ పనికి ఆగవు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వే చెప్పు" అంది.

నేను చెప్పాను. నా లైబ్రరీకి మెరుగులు దిద్దుతున్నాననీ, త్వరలో కొత్త పనిముట్టు రాబోతోందనీ చెప్పాను. ఆవిడ తలూపి వెళ్ళింది. నా మాట నమ్మినట్టే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఆ రాయబోయే పనిముట్టు కోసం అనంతరామయ్య గారు ఆగలేదు. ఆయన లెక్కన, నాంచారమ్మకి నీడ కావాలంటే ఐదో బజారు కట్టాలి, యార్డులో జాగా అయిపోయింది. పక్కనున్న హైస్కూలు ఆటస్థలం స్వాధీనం చేసుకోవడానికి అనుమతి కోరుతూ పై ఆఫీసుకి రాశారు. వెనకాలే భవిష్యత్ అవసరాల పట్టిక కూడా జతచేశారు. నేనే తయారుచేశాను. ముప్పై మూడో కొట్టు వస్తే అరవై నాలుగు, అరవై అయిదోది వస్తే నూట ఇరవై ఎనిమిది. అదే లెక్కన పోతే పదకొండేళ్ళకి బజారు పక్క మండలంలోకి ప్రవేశిస్తుంది. ఆ వాక్యం కింద ఆయన ఎర్ర సిరాతో "శుభం" అని రాశారు.

పై ఆఫీసు వాళ్ళు దీన్ని చూసి భయపడతారనుకున్నాను. వాళ్ళు ముచ్చటపడ్డారు. ఆ ఏడాది సంస్కరణల పోటీలో మా బజారు పేరు తుదిజాబితాకి ఎక్కింది. జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది.

చైత్రమాసం మొదటి వారంలో ఆయన వచ్చారు. ఉదయం తొమ్మిదిన్నర. నాలుగో బజారు ముందు, సరిగ్గా ఏడో నంబరు కొట్టుకి ఎదురుగా, ఆయన కోసం ఎత్తు వీపు కుర్చీ వేయించారు. గేటుకి దగ్గరని అక్కడ వేయించారు. ఎండ మాట ఎవరికీ తోచలేదు. కుర్చీ వెనకాల అనంతరామయ్య గారు, ఆయన వెనకాల లాప్‌టాప్ పట్టుకుని నేను.

జాయింట్ డైరెక్టరు గారు నాలుగు బజార్లూ కలయజూశారు. "అద్భుతం! సాధారణంగా సంస్కరణలంటే ఉన్నదాన్ని మారుస్తారు. మారిస్తే విమర్శ వస్తుంది. మీరు దేన్నీ మార్చకుండా సంస్కరించారు. ఇది పరివర్తనరహిత ప్రగతి! రాష్ట్రంలోని యావత్ బజార్లకూ దీనిని వర్తింపజేయవలసిందిగా సిఫార్సు చేయబోతున్నాను. ఈ లైబ్రరీ రచయిత ఎవరు?"

నన్ను ముందుకి తోశారు. ఆయన కరచాలనం చేశారు. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, ఆయన చెయ్యి నేను వెంటనే వదల్లేదు. "ఏకకాలంలో పాతదీ కొత్తదీ..." అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. రాత్రంతా అద్దం ముందు బట్టీపట్టిన ఉపన్యాసం.

రెండో వాక్యం దగ్గర ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆకాశం వైపు కళ్ళు చికిలించి చూశారు.

"అబ్బ, ఎండ చురుక్కుమంటోందయ్యా" అన్నారు.

ఆ మాట పూర్తికాకుండానే నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు కుర్చీ ఎత్తారు, ఒకరు బల్ల పట్టారు, ఒకరు మంచినీళ్ళ సీసా అందుకున్నారు. అరనిమిషంలో జాయింట్ డైరెక్టరు గారు పద్దెనిమిదో నంబరు ముందు, గోడౌను నీడలో కూర్చుని ఉన్నారు. అర్జీ లేదు, జాబితా లేదు, సున్నం గీతలు లేవు. ఐదో బజారు పుట్టలేదు. కుర్చీ ఇంతకుముందున్నచోట నాలుగు కాళ్ళ గుంటలు తప్ప ఏ పాత వస్తువునీ ఎవరూ పరిరక్షించలేదు.

నేను మతిపోయి అనంతరామయ్య గారి చెవిలో అడిగాను. "సార్, మరి అది మార్పు కాదా?"

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. "ఛ, ఛ. అది మార్పెలా అవుతుందండీ? అది మర్యాద."

మాట మెల్లగానే అన్నారు. కానీ ఏడో నంబరు కొట్టు ఎంతో దూరంలో లేదు. నాంచారమ్మ తడిగోనె ఎత్తి కూర మీద నీళ్ళు చిలకరిస్తూ అంతా చూసింది, అంతా వింది. ఆవిడ గంపలో చుక్కకూర అప్పటికే నేలచూపులు చూస్తోంది. ఆవిడ లేవలేదు, గొంతు పెంచలేదు.

"బాబూ, నా గంపక్కూడా కాస్త మరేద చెయ్యవా" అంది.

నా చేతిలో లాప్‌టాప్ ఉంది. అందులో నలభై మూడు పనిముట్లున్నాయి. ఆవిడ అడిగినది చెయ్యడానికి వాటిలో ఒక్కటీ పనికిరాదు. లాప్‌టాప్‌ని నేల మీద పెట్టి, వెళ్ళి, ఆవిడ గంపకి రెండు చేతులూ వేశాను. తడి గంప బరువు నాకు తెలియదు, మొదటిసారి ఎత్తినప్పుడు తూలాను. ఆవిడ రెండో పక్క పట్టుకుంది. ఇద్దరం కలిసి పది కొట్లు దాటుకుని పద్దెనిమిదో నంబరులో, జాయింట్ డైరెక్టరు గారి కుర్చీకి రెండు బారల దూరంలో, ఆ గంప దించాం. నా చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది.

అనంతరామయ్య గారు పాలిపోయారు. "ఫణి గారూ! ఇదేమిటి? ఏడు ఖాళీ అయింది. పుస్తకంలో ఏడు నిండి ఉంది. ఏ ఉత్తర్వు ప్రకారం..."

"మర్యాదండీ" అన్నాను.

"మర్యాద చేసే అధికారం ఏ స్థాయివారికి ఉందో మీకు తెలుసా?"

తెలియదు. బహుశా నా కాంట్రాక్టు అక్కడితో చెల్లిపోయేదే. అంతలో జాయింట్ డైరెక్టరు గారు కుర్చీలోంచి ముందుకి వంగి గంపలోకి చూశారు. నీడ తగిలేసరికి, నీళ్ళు పడేసరికి, అడుగున ఉన్న గోంగూర పచ్చగా కనిపిస్తోంది.

"ఏమ్మా, ఎర్ర గోంగూరేనా? పుల్లగా ఉంటుందా?"

"నోట్లో నీళ్ళూరతయ్ దొరా."

"నాలుగు కట్టలు కారులో పెట్టించండి" అన్నారాయన అనంతరామయ్య గారితో.

ఆయన అలా అన్నాక ఆ గంప అక్కడ లేదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. డ్రైవరు కొన్నాడు, డ్రైవరుని చూసి గుమాస్తాలు కొన్నారు, జనం గుమిగూడటం చూసి బయటివాళ్ళొచ్చి కొన్నారు. పదకొండయ్యేసరికి గంపలో గోనె తప్ప ఏమీ మిగల్లేదు.

మా బజారుకి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. షీల్డు మీద "పరివర్తనరహిత ప్రగతి" అని చెక్కించారు. ఆటస్థలం సంగతి ఇంకా పరిశీలనలో ఉంది. అనంతరామయ్య గారు ఒక పూటంతా ఆలోచించి, నాంచారమ్మ ఏడో నంబరులోనే ఉన్నట్టూ, పద్దెనిమిదిలో "మర్యాదపూర్వకముగా ఆసీనురాలైనట్టూ" ఒక నోట్‌ఫైలు తయారుచేశారు. దాని కోసం మర్యాదల రిజిస్టరు అని కొత్తది తెరిచారు. దాన్ని కంప్యూటరుకి ఎక్కించమని నన్ను అడిగారు. కాగితం మీదే ఉంచుదామని బతిమాలాను. ఎందుకన్నారు. చెయ్యి నొప్పిగా ఉందన్నాను.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు పన్నెండింటికి, కార్లు వెళ్ళిపోయాక, నాంచారమ్మ గోనె దులిపి మడత పెట్టుకుంటోంది. నేను నేల మీద వదిలేసిన లాప్‌టాప్ కోసం వచ్చాను. ఆవిడ ఖాళీ అయిన ఏడో నంబరు వైపు ఒకసారి చూసింది, తను కూర్చున్న చోటు ఒకసారి చూసింది. మధ్యలోని పది కొట్లనీ కళ్ళతో కొలిచింది.

"ఇంతేనా బాబూ?" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. తనకి తెలియనిదేదో ఇందులో ఉందేమోనని, చదువుకున్నవాణ్ణి కనక నాకు తెలుసేమోనని.

"ఇంతేనమ్మా" అన్నాను.

"మరి మాగం నుంచీ ఏం చేస్తన్నారు?"